షిఫ్టు డ్యూటీ చేసుకుంటూ ఆన్‌లైన్‌లో కొరియన్ నేర్చుకోవాలంటే

పెనుకొండ దగ్గరి ఎర్రమంచిలో 2019లో కొరియా కంపెనీ కియా కార్ల తయారీ మొదలైనప్పటి నుంచి పెనుకొండ, హిందూపురం, అనంతపురం వైపు కొరియన్ నేర్చుకోవాలనుకునేవాళ్లు పెరిగారు. దగ్గర్లో నేర్పేవాళ్లు దొరక్క ఎక్కువమంది ఆన్‌లైన్ కోర్సులోనే చేరతారు. మొదటి వారం రోజుకు మూడు పాఠాలు చూసేస్తారు, షిఫ్టు మారిన వారం ఆపేస్తారు. దాన్ని బద్ధకం అనలేం. చదువును గడియారానికి కట్టేయడం ఒక తప్పు, వీడియో చూడటమే చదువు అనుకోవడం రెండో తప్పు.

కోర్సు ఎంపిక గురించి ఎక్కువ ఆలోచించక్కర్లేదు. కొరియా ప్రభుత్వ సంస్థ కింగ్ సెజోంగ్ ఇన్‌స్టిట్యూట్ ఆన్‌లైన్‌లో ఉచితంగా పాఠాలు ఇస్తోంది, మొదలుపెట్టడానికి అవి చాలు. డబ్బు కట్టేదైతే రెండు విషయాలు అడగండి: పాఠాలు డౌన్‌లోడ్ అవుతాయా, మనం మాట్లాడింది విని దిద్దేవాళ్లు ఉన్నారా. రెండోది లేని కోర్సుకు వేలు పోయడం దండగ.

టైం ఎక్కడ దొరుకుతుంది

"పొద్దున 6 గంటలకు చదువుతా" అని గోడ మీద రాసుకుంటే, నైట్ షిఫ్టు వారంలో ఆ టైంకు మీరు డ్యూటీలోనో, కంపెనీ బస్సులోనో ఉంటారు. అందుకే ఏ షిఫ్టులోనైనా తప్పకుండా జరిగే పనుల వెనక చదువును పెట్టండి. నిద్ర లేచి టీ తాగాక 20 నిమిషాలు కొత్త పాఠం. బస్సులో 10 నిమిషాలు పాత మాటల కార్డులు, అంటే ఒకవైపు కొరియన్, రెండోవైపు అర్థం ఉండేవి. తిన్నాక, పడుకునే ముందు 15 నిమిషాలు నోటితో సాధన. మొత్తం 45 నిమిషాలు, వారానికి ఆరు రోజులు. డ్యూటీ దిగి వచ్చిన వెంటనే కొత్త పాఠం పెట్టుకోవద్దు. కళ్లు తెరిచే ఉంటాయి కానీ పాఠం బుర్రకు ఎక్కదు.

బస్సులో వినే సాధన కూడా వద్దు. అనంతపురం నుంచి పెనుకొండకు సుమారు 70 కిలోమీటర్లు, గంటకు పైగా టైం దొరుకుతుంది కాబట్టి అక్కడే అన్నీ చేసేయాలనిపిస్తుంది. కానీ ఇంజను మోతలో కొరియన్ హల్లుల మధ్య సన్నటి తేడాలు చెవికి అందవు, తప్పుగా విన్నదే అలవాటైపోతుంది. బస్సులో కళ్లతో అయ్యే పని మాత్రమే. రోజుకు 1.5 జీబీ ప్యాక్ వాడేవాళ్లు వారం పాఠాలను వైఫై ఉన్నచోట ఒకేసారి 480పీలో దించుకుంటే సరిపోతుంది.

మొదటి రెండు వారాలు అక్షరాలే

ప్రాథమిక హల్లులు 14, అచ్చులు 10. రెండు రోజుల్లో గుర్తుపట్టేయవచ్చు, అందుకే అందరూ ముందుకు పరిగెడతారు. గుర్తుపట్టడం వేరు, సరిగ్గా పలకడం వేరు. కొరియన్ అక్షరాల కింద తెలుగులో ఉచ్చారణ రాసుకోవడం మొదటి రోజు నుంచే మానేయండి. వాళ్లకు రెండు వేర్వేరు అచ్చులు (ㅗ, ㅓ) ఉన్న చోట మనం రెండింటికీ 'ఒ' అనే రాస్తాం. ఒకదానికి పెదాలు గుండ్రంగా ముందుకు రావాలి, రెండోదానికి రాకూడదు. తెలుగులో రాసుకున్నవాళ్లకు ఆ తేడా నెలలు గడిచినా పట్టుబడదు.

ఇంకో చిక్కు మన త లాగే వినిపించే మూడు హల్లులు. చంద్రుడు (달), కూతురు (딸), ముసుగు (탈) అనే మూడు మాటలకు కొరియన్‌లో తేడా మొదటి హల్లులోనే, మిగతాదంతా ఒకటే. నోటికి బెత్తెడు దూరంలో పల్చటి కాగితం ముక్క పట్టుకుని పలకండి. ముసుగుకు కాగితం గట్టిగా ఊగాలి, చంద్రుడికి కాస్త కదలాలి, కూతురికి అసలు కదలకూడదు. తర్వాత ఫోన్‌లో కొరియన్ కీబోర్డు పెట్టుకుని, దాని మైకు నొక్కి అవే మాటలు వాక్యంలో పెట్టకుండా విడివిడిగా చెప్పండి. వాక్యంలో చెబితే ఫోన్ సందర్భాన్ని బట్టి ఊహించి సరిదిద్దేస్తుంది, మీ తప్పు బయటపడదు.

రాసినట్టు పలకని చోట్లు కూడా ఉంటాయి. ధన్యవాదాలు చెప్పే మాటలో 'హప్-ని-ద' అని రాసి ఉంటుంది, పలికేది 'హమ్నిద'. పక్కన ముక్కుతో పలికే అక్షరం ఉంటే ముందున్న ప కూడా మకారమవుతుంది. ఇలాంటి నియమాలు పట్టికగా బట్టీ పట్టొద్దు, ఒక్కోదానికి రెండు వాక్యాలు గట్టిగా చదివి వదిలేయండి.

వ్యాకరణం వేగంగా, శబ్దం నిదానంగా

కోర్సులు చాలావరకు ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లను దృష్టిలో పెట్టుకుని చేసినవి. క్రియ చివర్లో వస్తుందనీ, నామవాచకం వెనక ప్రత్యయం తగులుతుందనీ వాళ్లకు నాలుగు పాఠాలు చెబుతారు. మనకు అది ఇంట్లో సంగతే. 'నేను అన్నాన్ని తింటాను' అనే వరసలోనే కొరియన్ వాక్యం ఉంటుంది, మన ను, కి, లో లాంటివే అక్కడా ఉన్నాయి. పెద్దలతో ఒకలా, ఈడువాళ్లతో ఒకలా క్రియ మారడమూ మనకు కొత్త కాదు. కాబట్టి వ్యాకరణం వీడియోలు 1.5 వేగంతో చూడండి, మిగిలిన టైం ఉచ్చారణకు ఇవ్వండి, దాన్ని 0.75 వేగంతో.

20 నిమిషాల పాఠంలో వీడియోకు 10 నిమిషాలు మించొద్దు. తర్వాత ఫోన్ బోర్లా పెట్టి, విన్న వాక్యాల్లో ఐదింటిని చూడకుండా చేత్తో రాయండి. గుర్తు రాకపోతేనే మళ్లీ చూడాలి. వరసగా ఎన్ని రోజులు చదివారో యాప్ చూపించే లెక్కను నమ్మొద్దు. ఒక్క బటన్ నొక్కినా అది పెరుగుతుంది.

15 నిమిషాల నోటి సాధనకు పాఠంలోంచి 10 సెకన్ల ముక్క చాలు. మూడుసార్లు వినండి, వెంటనే పలకండి, రికార్డు చేయండి, రెండూ పక్కపక్కన వినండి. ఇంట్లో నలుగురి ముందు వింత శబ్దాలు చేయాలంటే సిగ్గుగా ఉంటుంది. మిద్దె మీదికి వెళ్లండి. సిగ్గుతో గొణుక్కుంటూ చేసిన సాధన పెద్దగా పనికిరాదు.

అంకెలకు విడిగా టైం అక్కర్లేదు. కొరియన్‌లో గంటలకు ఒక రకం అంకెలు, నిమిషాలకు ఇంకో రకం వాడతారు. మూడున్నరను 'సె షి సంషిప్ పున్' అంటారు, సె ఒక వరసలోది, సంషిప్ ఇంకో వరసలోది. ఫోన్‌లో టైం చూసిన ప్రతిసారీ కొరియన్‌లో చెప్పుకోండి.

కార్డులు

మాటల కార్డులు చూపించే ఆంకీ యాప్ ఆండ్రాయిడ్‌లో ఉచితం. అది మామూలుగా రోజుకు 20 కొత్త కార్డులు ఇస్తుంది, దాన్ని 8కి తగ్గించండి. ప్రతి కొత్త కార్డూ కొన్ని రోజుల తేడాతో మళ్లీ మళ్లీ వస్తుంది కాబట్టి, 8 పెట్టినా కొన్ని వారాలకు రోజూ 60 నుంచి 80 కార్డులు ఎదురవుతాయి. 20 పెట్టినవాళ్లు ఆ కుప్ప చూసి యాప్ తీసేస్తారు. ఒక్క మాట కాకుండా చిన్న వాక్యం రాసి, దానికి పాఠంలోని ధ్వని తగిలించండి.

పండక్కో, పెళ్లికో వారం తప్పిపోతే రెండింతలు చదివి పూడ్చాలని చూడొద్దు. కొత్త కార్డులను సున్నా చేసి, పాతవి తీరేదాకా అవే చూడండి. ఒంట్లో బాగోలేని రోజు 10 నిమిషాల కార్డులు ఒక్కటే చాలు.

లైవ్ క్లాసుకు డబ్బు కట్టేముందు టైం చూసుకోండి. కొరియా మనకంటే మూడున్నర గంటలు ముందుంది. అక్కడ రాత్రి 8 అంటే మనకు సాయంత్రం 4:30. సెకండ్ షిఫ్టు వారంలో అది కుదరదు, రికార్డింగ్ ఇస్తారో లేదో ముందే తేల్చుకోండి.

కొరియన్ ఎంత వచ్చో కొలిచే టోపిక్ పరీక్షలో మొదటి స్థాయికి సుమారు 800 మాటలు కావాలి. రోజుకు 8, వారానికి ఆరు రోజులంటే 17 వారాలు, అక్షరాల రెండు వారాలతో కలిపి నాలుగున్నర నెలలకు దగ్గర. మొదటి రెండు స్థాయిలకు పెట్టే టోపిక్-1లో వినడం 30 ప్రశ్నలు 40 నిమిషాలు, చదవడం 40 ప్రశ్నలు 60 నిమిషాలు, మొత్తం 200 మార్కులు. 80 వస్తే మొదటి స్థాయి, 140 వస్తే రెండోది. సర్టిఫికెట్ రెండేళ్లే చెల్లుతుంది కాబట్టి ఉద్యోగానికి అప్లై చేసే టైం చూసుకుని రాయండి. నాలుగో నెల నుంచి నెలకో ఆదివారం పాత ప్రశ్నపత్రం ముందు 100 నిమిషాలు కదలకుండా కూర్చోండి. వినడంలో మార్కులు బాగా తక్కువొస్తే, తర్వాతి నెల కొత్త పాఠాన్ని 10 నిమిషాలకు కుదించి ఆ టైం నోటి సాధనకు కలపండి.