డిస్నీ వరల్డ్‌లో తిండి ఖర్చును అదుపులో ఉంచుకోవడం ఎలా?

ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్‌కు పిల్లాపాపలతో వెళ్లేవారు టికెట్లు, హోటల్ ఖర్చును నెలల ముందే లెక్క వేసుకుంటారు గానీ, ఏటేటా పెరుగుతున్న తిండి ఖర్చును మాత్రం అక్కడికి వెళ్లాకే గమనిస్తారు. దాదాపు అన్ని రెస్టారెంట్ల మెనూలూ ధరలతో సహా డిస్నీ యాప్‌లో ఉంటాయి కాబట్టి, బయలుదేరక ముందే వాటిని చూసి, అమ్మకపు పన్నును, కూర్చుని తినే చోట టిప్పును కూడా కలిపి రోజువారీ అంచనా వేసుకోవాలి.

అసలైన ఆదా ఇంటి తిండితోనే సాధ్యం. దానిని పార్కుల్లోకి అనుమతిస్తారు. అయితే గాజు సీసాలు, మద్యం, విడి ఐసు, వేడి చేయవలసిన పదార్థాలు, ఘాటైన వాసన వచ్చేవి తీసుకువెళ్లకూడదు. కనుక చపాతీలు, పండ్లు, జంతికలు సంచిలో పెట్టుకుని, ఆవకాయను మాత్రం హోటల్ గదిలోనే ఉంచడం క్షేమం. నీళ్ల సీసాలు కొనవలసిన పనే లేదు: సోడా యంత్రం ఉన్న క్విక్ సర్వీస్ కౌంటర్లలో అడిగితే ఐసు నీళ్లు ఉచితంగా ఇస్తారు.

2024 జనవరిలో తిరిగి ప్రవేశపెట్టిన డైనింగ్ ప్లాన్ (భోజనాలకు ముందే డబ్బు కట్టే పథకం), డిస్నీ హోటల్ బసతో కూడిన ప్యాకేజీకే వర్తిస్తుంది. ఖరీదైన మాంసాహార వంటకానికైనా చవకైన శాకాహారానికైనా ఒకే క్రెడిట్ (ముందే కొనుక్కున్న ఒక భోజనపు వంతు) పోతుంది కాబట్టి, శాకాహారులకు, ఒక పళ్లెం ఇద్దరు పంచుకునేవారికి అది గిట్టుబాటు కావడం అరుదని నా అభిప్రాయం. దానితో ఇచ్చే రీఫిల్ మగ్గు హోటళ్లలోనే పనికొస్తుంది, పార్కుల్లో కాదు. వాడని క్రెడిట్లు గది ఖాళీ చేసిన రోజు అర్ధరాత్రితో రద్దవుతాయి.