పాత హర్లింగ్ సీజన్ లెక్క తేల్చడం ఎలా

హర్లింగ్ అంటే కర్రలతో బంతిని కొట్టే ఐర్లండ్ ఆట. అక్కడ 1900ల మొదట్లో ఏదో ఒక కౌంటీ (మన జిల్లా లాంటిది) క్లబ్ ఛాంపియన్‌షిప్ తీసుకుని, ఎవరు ఎవరి మీద గెలిచారో మీరే తేల్చాలనుకుంటే ముందు ఒక పని చేయండి: టైటిల్ పక్కన ఉన్న సంవత్సరాన్ని నమ్మడం మానేయండి. అప్పట్లో మ్యాచ్‌లు విపరీతంగా వెనకబడేవి. 1901 ఆల్ ఐర్లండ్ (కౌంటీ జట్ల మధ్య దేశస్థాయి పోటీ) ఫైనల్, అంటే లండన్ జట్టు కార్క్‌ని ఓడించిన మ్యాచ్, నిజానికి జరిగింది 1903 ఆగస్టులో. కౌంటీ పోటీలు కూడా పక్క ఏడాదిలోకి జారేవి, కాబట్టి పాత పేపర్లు వెతికేటప్పుడు తర్వాతి రెండేళ్ళు కూడా కలుపుకోండి. మ్యాచ్‌లు ఎక్కువగా ఆదివారాలే, అందుకని కార్క్ కౌంటీ అయితే కార్క్ ఎగ్జామినర్ సోమవారం సంచికతో మొదలుపెట్టండి.

స్కోరు చదవడం తేలికే. 3-13 అంటే 3 గోల్స్, 13 పాయింట్లు; 1896 నుంచి గోల్‌కి 3 పాయింట్లు కాబట్టి మొత్తం 22. 1892కి ముందు మాత్రం ఒక్క గోల్ ఎన్ని పాయింట్లనైనా కొట్టేసేది, ఆ లెక్క ఇక్కడికి తేవద్దు. జట్టుకి 17 మంది. 15కి తగ్గించింది 1913లో.

గెలిచిన క్లబ్ ఏదో దొరక్కపోతే కౌంటీ జట్టు వైపు నుంచి రండి. కౌంటీ గెలిచిన క్లబ్బే ఆల్ ఐర్లండ్‌కి జట్టుని ఎంపిక చేసేది, వేరే క్లబ్బుల ఆటగాళ్ళని కూడా కలుపుకునేది, కెప్టెన్ సాధారణంగా తమవాడే. 1902లో కార్క్ ఛాంపియన్ డంగర్నీ అనే చిన్న పల్లె. ఆ ఊరి జేమ్సీ కెలెహర్ పేరు కౌంటీ జట్టులో కనిపిస్తే మీ దారి సరైనదే.

అసలు చిక్కు అభ్యంతరాల దగ్గర. ఆట మైదానంలో ముగిసినా ఫలితం కమిటీ గదిలో మారిపోయేది, నాకు ఈ కాలం ఇంత ఇష్టం కావడానికి ఇదే కారణం. 1905 ఆల్ ఐర్లండ్ ఫైనల్ చూడండి: కార్క్ 5-10, కిల్కెన్నీ 3-13, అంటే 25-22తో కార్క్ గెలిచింది. కానీ కార్క్ గోల్‌కీపర్ బ్రిటిష్ సైన్యంలో రిజర్విస్ట్ (అవసరమైతే పిలిచే సైనికుడు), కాబట్టి ఆడే అర్హత లేదని ఒక అభ్యంతరం, కిల్కెన్నీ ఆటగాడు ఒకడు అదే ఛాంపియన్‌షిప్‌లో వాటర్‌ఫర్డ్‌కి ఆడాడని ఇంకొకటి, చివరికి మళ్ళీ ఆడించారు. ఈసారి కిల్కెన్నీ 7-7, కార్క్ 2-9. మొదటి మ్యాచ్ రిపోర్ట్ ఒక్కటే చదివి ఆగిపోతే విజేతనే తప్పు రాస్తారు! అందుకే ఫైనల్ తర్వాత కౌంటీ బోర్డ్ (కౌంటీలో ఆటని నడిపే కమిటీ) మీటింగుల వార్తలు తప్పక చదవండి, మీ పట్టికలో రెండు ఫలితాలూ రాసి, ఏది రద్దయిందో పక్కన గుర్తు పెట్టండి. వాకోవర్ (ప్రత్యర్థి ఆడకపోవడంతో వచ్చిన గెలుపు) అయితే స్కోరు గడి ఖాళీగా వదలండి, సున్నాలు వేయొద్దు.

ఆటగాళ్ళ వివరాలకి 1901, 1911 జనాభా లెక్కలు ఐర్లండ్ నేషనల్ ఆర్కైవ్స్ సైట్‌లో ఉచితంగా ఉన్నాయి. ఒకే ఇంటిపేరు ఊరంతా ఉంటుంది, కాబట్టి పేరుతో పాటు వయసు, పల్లె కూడా సరిపోలితేనే తీసుకోండి.