రాత్రి ప్రార్థనకు ముందు ఒక చీటీ

మోకరించగానే "ప్రభువా, నా పాపాలన్నీ క్షమించు" అని ఒక్క ముక్కలో చెప్పేసి పడుకునేదాన్ని. ఏ పాపాలంటే నాకే గుర్తుండేది కాదు.

ఇప్పుడు ముందుగా 5 నిమిషాలు కూర్చుని, అరచేతంత కాగితం మీద ఆ రోజు చేసినవి రెండో మూడో విడమర్చి రాస్తున్నాను: "కూరలో ఉప్పు ఎక్కువైందని అమ్మ మీద అరిచాను." "కానీ", "వాళ్లే ముందు" లాంటి మాటలు కనిపిస్తే కొట్టేస్తాను. (సగం కాగితం అక్కడే నల్లబడుతుంది.) తర్వాత బైబిల్లో క్షమాపణ వేడుకునే 51వ కీర్తన 19 వచనాలూ మెల్లగా చదివి, ఒక్కొక్కటీ దేవుడి దగ్గర ఒప్పుకుని చీటీ చింపేస్తాను. దాచుకుంటే అదో లెక్కల పుస్తకమైపోతుంది.

ఎదుటి మనిషిని నొప్పించినప్పుడు మాత్రం చీటీ ఒక్కటే చాలదు. బైబిల్లో మత్తయి సువార్త 5:23, 24 ప్రకారం ముందు వాళ్లతో సమాధానపడాలి. మర్నాడు కాఫీ గ్లాసు పట్టుకుని అమ్మ దగ్గరికి వెళ్లాను.