వరద నెలల్లో కీమో: లంక ఊళ్లలో ఇంటివాళ్లు ముందే చూసుకోవలసినవి

జూలై మొదలు సెప్టెంబరు ఆఖరు దాకా గోదారికి ఎర్రనీరు ఎప్పుడొస్తుందో, ఎంతొస్తుందో ఎవరూ చెప్పలేరు. క్యాన్సర్‌కు కీమో నడుస్తున్న మనిషికి జ్వరం వస్తే మాత్రం ఆస్పత్రికి చేరిన గంటలోపు నరానికి యాంటీబయాటిక్ ఎక్కాలి. ఆలస్యమైతే ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకి బీపీ పడిపోతుంది, ప్రాణం మీదికొస్తుంది. ఏటి నడుమ ఉన్న లంక నుంచి జనాన్ని దాటించే పంటు రేవులో ఆగిపోయి, కాజ్‌వే మునిగాక ఆ ఆస్పత్రికి చేరడమే కుదరదు. అందుకని భార్యకో భర్తకో కీమో నడుస్తున్న ఇంట్లో అన్నిటికంటే ముందు చూసుకోవలసింది ఒకటుంది. ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్లకణాలు పడిపోయే రోజుల్లో ఆ మనిషి ఆస్పత్రి ఉన్న ఒడ్డునే ఉండాలి.

దీనికి గోడకున్న తెలుగు క్యాలెండర్ చాలు. కీమో ఎక్కించిన రోజును ఒకటిగా లెక్కపెట్టి, 7వ రోజు నుంచి 14వ రోజు దాకా ఎర్ర పెన్నుతో గీత గీయండి. చాలా మందులకు కణాలు బాగా తగ్గేది ఆ వారంలోనే. మీ మందుకు తేడా ఉంటే కీమో వార్డు సిస్టర్‌ని అడిగి ఆ తేదీలే గీసుకోండి. 21 రోజులకోసారి ఎక్కించే కోర్సు ఆగస్టు 1న పడిందంటే 7 నుంచి 14 దాకా ఎర్రగీత, మళ్లీ 22న కీమో. ఈ గీత ఇంట్లో అందరికీ కనబడాలి. పక్కింటివాళ్లకీ తెలిసుండాలి.

ఇక నీటి లెక్క. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర అవే హెచ్చరికలు 11.75, 13.75, 17.75 అడుగులకు ఇస్తారు. అక్కడ మొదటి హెచ్చరిక అంటే దిగువకు వదిలే నీరు 10 లక్షల క్యూసెక్కులకు చేరిందని, మూడోది అంటే 17 లక్షలని అర్థం. కనకాయలంక, ఎదురుబిడియం కాజ్‌వేల లాంటి పల్లపు దారులు మూడో హెచ్చరిక దాకా ఆగవు, చాలా ముందే నీట మునుగుతాయి. భద్రాచలంలో పెరిగిన నీరు మన దాకా రావడానికి సుమారు ఒక రోజు పడుతుంది. మీకున్న గడువు అదే. మిగతా ఇళ్లవాళ్లు సామాను అటకెక్కించుకుంటూ రెండో హెచ్చరిక దాకా చూస్తే చూడనివ్వండి. ఎర్రగీత రోజుల్లో ఉన్న మనిషిని భద్రాచలంలో మొదటి హెచ్చరిక వినగానే దాటించేయాలి. 2022 జూలైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటింది. అలాంటి వరదలో లంకలు రోజుల తరబడి నీళ్లలోనే ఉంటాయి.

దాటి ఎక్కడుండాలన్నది జూన్‌లోనే తేలిపోవాలి. అమలాపురంలోనో రావులపాలెంలోనో రాజమండ్రిలోనో కాకినాడలోనో ఉన్న చుట్టాలతో మొహమాటం లేకుండా మాట్లాడండి. విడిగా ఒక గది, దగ్గర్లో బాత్రూమ్ కావాలనీ, ఇంట్లో పిల్లలకు జలుబూ దగ్గూ ఉంటే ముందే చెప్పమనీ అడగండి. వైద్యం విశాఖ హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రిలోనో హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలోనో జరుగుతుంటే జ్వరం వచ్చిన రాత్రి అంత దూరం పోలేరు. దగ్గర్లో ఏ ఆస్పత్రికి వెళ్లాలి, అక్కడి డాక్టర్లకు ఏం చెప్పాలి అన్నది మీ క్యాన్సర్ డాక్టర్ చేతే కాగితం మీద రాయించుకోండి. వరద వస్తే కీమో ఎన్ని రోజులు జరపొచ్చో కూడా ఆయన్నే అడగాలి. మీ అంతట మీరు వాయిదా వేయకూడదు.

రేడియేషన్ సంగతి వేరు. అది వారానికి 5 రోజులు, వారాల తరబడి తెగకుండా సాగాలి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కైతే రేడియేషన్ మొత్తం 8 వారాల్లోపు ముగియాలని డాక్టర్లు పట్టుబడతారు. మధ్యలో రోజులు పోతే గడ్డ మళ్లీ పుంజుకుంటుంది. కాబట్టి ఈ మూడు నెలల్లో రేడియేషన్ పడితే లంక నుంచి రోజూ వెళ్లి రావడం అన్న ఆలోచనే పెట్టుకోవద్దు. ఆస్పత్రి దగ్గర గది తీసుకోండి.

జ్వరం దగ్గర పొరపాట్లు

ఇంట్లో రెండు డిజిటల్ థర్మామీటర్లు ఉండాలి, ఒకటి పాడైతే రెండోది. వేడిదో చల్లనిదో తాగాక 15 నిమిషాలు ఆగి నాలుక కింద పెట్టాలి. 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ చూపించిందంటే, అర్ధరాత్రి అయినా సరే, ఆస్పత్రికి ఫోన్ చేసి బయల్దేరడమే. ఒళ్లు వణికే చలి వస్తే థర్మామీటర్ ఏం చూపించినా అంతే. ముందు పారాసిటమాల్ వేసి చూద్దామనుకోవడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. మాత్రతో వేడి తగ్గుతుంది, లోపల ఇన్ఫెక్షన్ పెరుగుతూనే ఉంటుంది. తెల్లారేసరికి మనిషి మగతలోకి వెళ్తాడు.

ఇంకో సంగతి. ఇంట్లోవాళ్లను ఎందుకు తిప్పలు పెట్టడమని చాలామంది చలిని దుప్పటి కింద దాచుకుంటారు, ముఖ్యంగా ఆడవాళ్లు. "చలనిపిస్తే ఆ నిమిషమే నాతో చెప్పాలి" అని భార్యాభర్తలు ముందే ఒక మాట అనుకోండి. అడగకుండానే ఎర్రగీత రోజుల్లో పొద్దున, సాయంత్రం, పడుకునే ముందు చూసి క్యాలెండర్ మీదే రాయండి.

ఊరి ఆర్‌ఎంపీ గారు మంచి మనసుతోనే వస్తారు. అయినా కండకు సూది వేయనివ్వకండి, ఇంట్లో సెలైన్ పెట్టనివ్వకండి. ప్లేట్‌లెట్లు తక్కువగా ఉన్నప్పుడు కండకు వేసిన సూది దగ్గర రక్తం గడ్డకట్టి వాస్తుంది, అక్కడే చీము పడుతుంది. నొప్పికి డైక్లోఫెనాక్, ఇబుప్రోఫెన్ లాంటివి డాక్టర్ చెప్పకుండా వద్దు. కాళ్ల మీద సూదిమొన అంత ఎర్ర చుక్కలు, చిగుళ్ల నుంచి రక్తం, నల్లటి విరేచనం కనబడితే జ్వరం లేకపోయినా బయల్దేరాలి.

కణాలు పెరగడానికి ఇచ్చే ఫిల్‌గ్రాస్టిమ్ సూదిని 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచాలి. వరదలో కరెంటు మొదటి రోజే పోతుంది. మూత గట్టిగా పట్టే థర్మాకోల్ డబ్బా ఒకటి సిద్ధంగా పెట్టుకోండి. అడుగున గడ్డకట్టిన ఐస్ ప్యాక్, దాని మీద నాలుగు మడతలు వేసిన తువ్వాలు, ఆ పైన సూది పెట్టె, చుట్టూ ఇంకో బట్ట. మంచు నేరుగా తగిలితే మందు గడ్డకడుతుంది. గడ్డకట్టి కరిగిన సూది పనికిరాదు, చూడ్డానికి మామూలుగానే ఉన్నా పారేయాల్సిందే. కీమో అయిన 24 గంటల్లోపు ఈ సూది వేయించకూడదు.

సంచి, నీళ్లు, తిండి

గుమ్మం దగ్గర తగిలించే సంచిలో ఇవి ఉండాలి: డిశ్చార్జి సమ్మరీ, చివరి రక్తపరీక్ష, బయాప్సీ రిపోర్టుల నకళ్లు, ఆధార్, బియ్యం కార్డు, వైద్య సేవ కాగితాలు అన్నీ జిప్ కవర్లో, 10 రోజులకు సరిపడా మందులు, వాంతి మాత్రలు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు 10, థర్మామీటర్, పవర్ బ్యాంకు, టార్చి, మాస్కులు, రెండు జతల నూలు బట్టలు. రిపోర్టుల ఫొటోలు ఇద్దరి ఫోన్లలోనూ ఉండాలి. రైలెక్కే పని ఉంటే ఆస్పత్రి ఇచ్చే రాయితీ ఫారం కూడా అందులోనే పెట్టండి. క్యాన్సర్ రోగికి స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో టికెట్ పూర్తిగా ఉచితం, తోడు వెళ్లేవారికి 75 శాతం తగ్గింపు.

నీళ్లు సలసల మరిగిన తర్వాత ఇంకో నిమిషం పొయ్యి మీద ఉంచి, మూతపెట్టి అదే గిన్నెలో చల్లార్చాలి. నోరు పూయకుండా పుక్కిలించే నీళ్లకూ ఇవే. లీటరు నీళ్లలో చెంచాడు ఉప్పు, చెంచాడు వంటసోడా కలిపి రోజుకు నాలుగైదు సార్లు పుక్కిలించాలి, మర్నాటికి కొత్తగా కలుపుకోవాలి. ఏఎన్‌ఎమ్ ఇచ్చే క్లోరిన్ బిళ్లలు ఎన్ని లీటర్లకో ప్యాకెట్ మీద చూసి వేయండి.

పులస చేపల కాలం ఇది. ఎవరో ఒకరు ప్రేమగా పులుసు తెస్తారు. మర్నాటికి రుచని అందరం అట్టే పెట్టుకుంటాం కానీ కీమోలో ఉన్నవాళ్లకు మాత్రం ఆ పూట వండింది వేడివేడిగా ఆ పూటే పెట్టాలి. చద్దన్నం, తరవాణి, పచ్చి ముక్కలు ఈ నెలల్లో వద్దు. కొబ్బరి బొండం కడిగిన కత్తితో కళ్ల ముందు కొట్టించి వెంటనే తాగితే మంచిదే. కిడ్నీ మీద ప్రభావం చూపే మందు నడుస్తుంటే మాత్రం ముందు డాక్టర్‌ని అడగండి, బొండం నీళ్లలో పొటాషియం ఎక్కువ. వినాయక చవితికి పాలవెల్లికి కట్టే పంపరపనస కొన్ని క్యాన్సర్ మాత్రలతో పడదు. ఆ మందు రక్తంలో మోతాదు మించిపోతుంది. రోజూ మాత్ర మింగేవాళ్లు అడగకుండా తినకూడదు. పసర్లు, కషాయాల సంగతీ అంతే.

కీమో అయిన 48 గంటలు మూత్రంలో, వాంతిలో మందు పోతూ ఉంటుంది. శుభ్రం చేసేవాళ్లు గ్లవ్స్ వేసుకోవాలి, మరుగుదొడ్డికి మూతపెట్టి రెండుసార్లు నీళ్లు కొట్టాలి, తడిసిన బట్టలు విడిగా ఉతకాలి. గర్భిణిగా ఉన్న కోడలో కూతురో ఆ పని చేయకూడదు, కీమో మాత్రలు ముట్టుకోకూడదు. ఇంటి చుట్టూ నీళ్లు చేరితే మరుగుదొడ్డి పనిచేయదు. వరదకు ముందే దాటమని ఇంతగా చెప్పడానికి ఇదీ ఒక కారణం.

ఒక్కరి వల్ల అయ్యే పని కాదు

భర్తకో భార్యకో జబ్బు చేస్తే రెండోవారు అన్నీ తామే చేయాలనుకుంటారు. మూడో విడత కీమో వచ్చేసరికి వాళ్ల బీపీ మాత్రలు వాళ్లే మర్చిపోతారు. "ఏదైనా అవసరమైతే చెప్పండి" అన్నవాళ్లకు అక్కడికక్కడే ఒక పని పేరుపెట్టి అప్పగించండి. తోడికోడలికి ఎర్రగీత వారంలో మధ్యాహ్నం వంట. బావమరిదికి పడవ, కారు. ఆడపడుచుకు ఫోన్లు: ఎలా ఉందని అడిగే వాళ్లందరికీ ఆవిడే జవాబు చెప్పాలి, రోగిని పదిసార్లు అదే కథ చెప్పించకూడదు. పలకరించడానికి వచ్చేవాళ్లు ఎర్రగీత రోజుల్లో అరుగు మీద నుంచే పలకరించి వెళ్లాలి. ఇది మర్యాద తక్కువ కాదని ఊళ్లో పెద్దవాళ్లు ఒకరిద్దరు ముందుగా చెప్తే అందరూ వింటారు. వంట రాని భర్తలు జావ, పప్పు, చారు జూన్‌లోనే నేర్చుకోండి. వారంలో రెండు రాత్రులైనా ఇంకెవరైనా తోడు పడుకుంటే మీరు కంటినిండా నిద్రపోవచ్చు.

రక్తం ఇచ్చేవాళ్ల జాబితా కుర్రాళ్ల సంఘం చేత రాయించండి. పేరు, గ్రూపు, బరువు, చివరిసారి ఎప్పుడిచ్చారు, వాటితో పాటు ఏటికి ఏ ఒడ్డున ఉంటారు అన్నది కూడా. వరద రోజున ఇవతలి ఒడ్డున ఇరవైమంది ఉన్నా ఉపయోగం లేదు, అమలాపురంలో చదువుకునే ఇద్దరే ఆదుకుంటారు. మగవాళ్లు 3 నెలలకు, ఆడవాళ్లు 4 నెలలకు ఒకసారి రక్తం ఇవ్వొచ్చు. ప్లేట్‌లెట్లు తీసినవి 5 రోజులే నిలవుంటాయి, ముందే తెచ్చిపెట్టుకోలేం. ఎముక మజ్జ మార్పిడి ఆలోచన ఉన్న రోగికి రక్త సంబంధీకుల రక్తం ఎక్కించకూడదు.

నెలలు నిండిన గర్భిణులను వరదకు ముందే లంకల నుంచి తరలిస్తారు. ఆ జాబితాలోనే మీ మనిషి పేరూ రాయమని ఆశా కార్యకర్తకు, సచివాలయంలో వీఆర్వోకు ఇప్పుడే చెప్పండి. 108 బండి రేవు దాకానే వస్తుంది. రేవు దాకా చేర్చేది పడవ, ఆ పడవ ఎవరిదో రాత్రిపూట ఎవర్ని లేపాలో రాసిపెట్టుకోండి. వరద నీళ్లలో రోగి కాలు పెట్టకూడదు: ఎలుక జ్వరం, పుండ్లు, కొట్టుకొచ్చే పాములు. తప్పకపోతే ఎత్తుకుని పడవెక్కించండి. చేతికి పిక్ లైన్ (మందు ఎక్కించడానికి నరంలో ఉంచే సన్న గొట్టం) ఉంటే ప్లాస్టిక్ చుట్టి, కట్టు తడిస్తే అదే రోజు మార్పించండి. పగలైనా దోమతెర కట్టండి. కీమోతో తగ్గిన ప్లేట్‌లెట్లకు డెంగీ కూడా తోడైతే నిలబెట్టడం కష్టం.

నీళ్లు తీశాక వెంటనే ఇంటికి తీసుకురావద్దు. ఒండ్రు గీకేటప్పుడు, చెమ్మ గోడల బూజు దులిపేటప్పుడు లేచే దుమ్ము కణాలు తక్కువున్న మనిషి ఊపిరితిత్తుల్లో పడితే మామూలు మందులకు లొంగని న్యుమోనియా రావొచ్చు. ముందు వేరేవాళ్లు ఒండ్రు తీసి, లీటరుకు 15 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ కలిపిన నీళ్లతో నేల, గోడల అడుగు భాగం కడిగి, తలుపులు తీసి ఆరబెట్టాలి. తడిసిన పరుపులు, దిండ్లు బయట పడేయాలి. గోడ మీద చెయ్యి ఆనిస్తే పొడిగా తగిలి, క్యాలెండర్‌లో ఎర్రగీత దాటి, రక్తపరీక్షలో కణాలు పెరిగాయని తేలాక పంటు ఎక్కించండి.