సీజన్ ముదిరేలోపు ఎస్‌వీజీ ఫైళ్ల సంగతి చూసుకోండి

శ్రావణం వచ్చిందంటే చిక్కడపల్లిలో మా డీటీపీ షాపులో ఊపిరాడదు. పెళ్లి కార్డులు తెమలకముందే చవితి మండపాల బ్యానర్లు మీద పడతాయి. గల్లీ గణపతి దగ్గర్నుంచి పెద్ద మండపాల దాకా అందరికీ రేపే కావాలి. ఆ హడావిడిలో మెయిల్లో వచ్చిన ప్రతి ఫైలునీ టకటకా డబుల్ క్లిక్ కొట్టేస్తుంటాం. ఎస్‌వీజీ అనే రకం బొమ్మ ఫైలు దగ్గర మాత్రం చెయ్యి ఆగాలి.

నిరుడు నా చెయ్యి ఆగలేదు. ‘ఆర్డర్ కాపీ’ అని ఒక ఎస్‌వీజీ వచ్చింది. తెరిస్తే బొమ్మ లేదు. తెల్ల పేజీ, మధ్యలో తిరిగే చక్రం, తర్వాత మెయిల్ లాగిన్ పేజీ. నా ఐడీ అప్పటికే నింపి ఉంది, పాస్‌వర్డ్ ఒక్కటే కొట్టాలి. సగం కొట్టేసరికి పక్కనున్న కుర్రాడు ‘అన్నా, బొమ్మ చూడ్డానికి పాస్‌వర్డ్ దేనికి?’ అన్నాడు. బతికిపోయాను.

ఎస్‌వీజీ అంటే జేపెగ్‌లా చుక్కలతో చేసిన బొమ్మ కాదు. గీత ఎక్కడ మొదలవ్వాలి, ఎటు వంగాలి, ఏ రంగు పడాలి అని మాటల్లో రాసిన చీటీ. వెబ్ ప్రమాణాలు చూసే డబ్ల్యూ3సీ అనే సంస్థ 2001లో దీన్ని ప్రమాణంగా ఖాయం చేసింది. ఎంత పెద్ద ఫ్లెక్సీకి సాగదీసినా అంచులు చెదరనిది ఈ చీటీ పద్ధతి వల్లే. చిక్కేమిటంటే, అదే చీటీలో జావాస్క్రిప్ట్, అంటే బ్రౌజర్ నడిపే ప్రోగ్రామ్ కూడా రాయొచ్చు. విండోస్‌లో డబుల్ క్లిక్ చేస్తే మామూలుగా బ్రౌజర్ తెరుచుకుంటుంది, బ్రౌజర్ బొమ్మతో పాటు ఆ స్క్రిప్టునూ నడిపేస్తుంది. 2025లో మైక్రోసాఫ్ట్ వెబ్ అవుట్‌లుక్‌లో మెయిల్ మధ్యలో పెట్టిన ఎస్‌వీజీ బొమ్మలు చూపించడం మానేసింది. అటాచ్‌మెంట్లు మాత్రం వస్తూనే ఉంటాయి, వాటిని మనమే చూసుకోవాలి.

ముందు ఫైలు పేరు చివరి తోక కనిపించేలా విండోస్ సెట్టింగ్ మార్చండి. జేపెగ్ అని రాసి చివర ఎస్‌వీజీ దాచే రకాలు అప్పుడు దొరికిపోతాయి. తర్వాత ‘ఓపెన్ విత్’లోకి వెళ్లి ఎస్‌వీజీకి బ్రౌజర్ బదులు ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ పెట్టండి. ఉచితమే, ఫైల్లోని జావాస్క్రిప్టును నడపదు. అప్‌డేట్లు వేస్తూ ఉండండి, అంతే.

తెలియనివాళ్ల ఫైలైతే ముందు నోట్‌ప్యాడ్‌లో తెరవండి. కంట్రోల్ ఎఫ్ కొట్టి స్క్రిప్ట్, ఆన్‌లోడ్, ఫారిన్‌ఆబ్జెక్ట్ అనే ఇంగ్లిష్ మాటలు వెతకండి. గణపతి బొమ్మలో స్క్రిప్టుకి పనేముంది? కనిపిస్తే పంపినవాళ్లకి ఫోన్ చేసి పీడీఎఫ్ అడగండి. పైన డబ్ల్యూ3సీ వెబ్ అడ్రసు ఒకటి ఉంటుంది, దానికి కంగారు పడొద్దు, అది ప్రతి మంచి ఫైల్లోనూ ఉండేదే. పేజీల కొద్దీ అర్థంలేని అక్షరాలున్నా లోపల పొదిగిన ఫొటో కావచ్చు.

పొరపాటున పాస్‌వర్డ్ ఇచ్చేశారా? వేరే ఫోన్ నుంచి వెంటనే మార్చి, అన్ని చోట్లా లాగౌట్ చేయించి, టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకోండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

మోసం సంగతి అలా ఉంచితే, మనకి రోజూ తగిలే దెబ్బ తెలుగు అక్షరాలది. అను ఫాంట్లలో ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చుంటాయి. అవతలి సిస్టంలో ఆ ఫాంట్ లేకపోతే కార్డంతా పిచ్చి గీతలే. యూనికోడ్ అయితే ఇంకో తలనొప్పి. ఫాంట్ లేకపోతే వేరేది వచ్చి కూర్చుని లైను పొడుగు మారిపోతుంది. కొన్ని వ్యూయర్లకు ఒత్తులు కట్టడం చేతకాదు. ఒక కార్డులో పెళ్లికూతురి పేరు ‘లక్ష్మి’ కాస్తా ‘లక్‌ష్‌మి’ అయింది. వాళ్ల పెదనాన్నగారు కౌంటర్ దగ్గర అన్నవి ఇక్కడ రాయలేను.

అందుకే పంపేముందు కర్వ్స్ చేయండి, అంటే అక్షరాలను గీతల బొమ్మలుగా మార్చేయండి. ఇంక్‌స్కేప్‌లో షిఫ్ట్ కంట్రోల్ సీ, కోరెల్‌లో కంట్రోల్ క్యూ. కర్వ్స్ చేశాక ముహూర్తం టైము మార్చమంటే అక్షరం టైప్ చేసి మార్చలేరు, కాబట్టి అసలు కాపీ విడిగా దాచుకోండి. ఫొటోలు లింకుగా కాకుండా ఎంబెడ్ చేశారో లేదో కూడా చూడండి, లేకపోతే నాయకుడి మొహం ఉండాల్సిన చోట ఖాళీ డబ్బా వస్తుంది.

పాత ఫైళ్లు వాడేవాళ్లకి ఇంకొక్కటి. 2017లో వచ్చిన 0.92 వెర్షన్ నుంచి ఇంక్‌స్కేప్ అంగుళానికి 90 పిక్సెళ్ల లెక్క మాని 96కి మారింది. పిక్సెళ్లలో కొలతలున్న పాత 10 అడుగుల బ్యానర్ ఆ లెక్కన 9 అడుగుల నాలుగున్నర అంగుళాలకు కుంచించుకుపోతుంది. తెరవగానే సైజు గురించి అడిగే డబ్బా వస్తే చదవకుండా ఓకే కొట్టకండి. ప్రింటుకి పంపేముందు అంగుళాల్లో ఒకసారి కొలిచి, మండపం వాళ్లిచ్చిన చీటీతో సరిపోల్చుకోండి.