జెల్‌లో బ్యాండ్ రాలేదా? ముందు ల్యాడర్ చూడండి

తిరుపతి యూనివర్సిటీల్లో ఎమ్మెస్సీ బయోటెక్, బాటనీ విద్యార్థులు ఎక్కువగా తడబడేది పీసీఆర్ (డీఎన్ఏ ముక్కకు కాపీలు తీసే పద్ధతి) తర్వాత నడిపే అగరోజ్ జెల్ (కరెంటుతో డీఎన్ఏ ముక్కలను సైజువారీగా విడదీసే పలక) దగ్గర. బ్యాండ్ (జెల్‌లో డీఎన్ఏ గీత) కనబడలేదనగానే పీసీఆర్ మళ్లీ పెట్టేస్తారు. ఎంజైమ్ దండగ! తప్పు ఎక్కడుందో ల్యాడర్ (సైజులు తెలిసిన డీఎన్ఏ ముక్కల కొలబద్ద), కంట్రోళ్లు (ఫలితం ముందే తెలిసిన పోలిక శాంపిళ్లు) ముందే చెబుతాయి.

ల్యాడర్ కూడా కనబడలేదు

అయితే తప్పు జెల్‌దే. డీఎన్ఏను మెరిపించే రంగు ఇథిడియం బ్రోమైడ్ వేయడం మరిచిపోయి ఉంటే, నడిచిన జెల్‌నే మిల్లీలీటరుకు 0.5 మైక్రోగ్రాములున్న ద్రావణంలో 20-30 నిమిషాలు నానబెట్టండి, బ్యాండ్లు బయటపడతాయి. నైట్రైల్ గ్లవ్స్ తప్పనిసరి. నీలం డై వెనక్కి వెళ్తోందంటే వైర్లు తారుమారయ్యాయి. డీఎన్ఏది రుణావేశం కాబట్టి వెల్స్ (శాంపిల్ పోసే గుంటలు) నల్ల (రుణ) వైరు వైపు ఉండాలి. అగరోజ్‌ను బఫర్‌లో (కరెంటు పారనిచ్చే లవణ ద్రావణంలో) కాక నీళ్లలో కరిగించినా ల్యాడర్ సరిగ్గా విడిపోదు.

ల్యాడర్ ఉంది, శాంపిల్ లేదు

పాజిటివ్ కంట్రోల్ (బ్యాండ్ తప్పక రావాల్సిన శాంపిల్) కూడా రాకపోతే మాస్టర్ మిక్స్‌లో (అన్ని ట్యూబులకూ కలిపి చేసే పీసీఆర్ మిశ్రమంలో) ఏదో ఒకటి పడలేదు. అది వచ్చి శాంపిల్ ఒక్కటే రాకపోతే డీఎన్ఏనే అనుమానించాలి. మన దగ్గర చాలామంది మామిడి ఆకులతోనో, ఎర్రచందనం ఆకులతోనో పనిచేస్తారు. ముదురు ఆకుల్లో పాలీఫినాల్స్ ఎక్కువ, అవి ఆక్సీకరణం చెంది డీఎన్ఏకి అంటుకుంటాయి, పీసీఆర్ ఎంజైమ్ ట్యాక్ పాలిమరేజ్‌ను అడ్డుకుంటాయి. ట్యూబ్ అడుగున డీఎన్ఏ ముద్ద తెల్లగా కాక గోధుమరంగులో ఉంటే కారణం అదే. జిగురుగా ఉండి, పిపెట్ టిప్‌కు సాగుతూ వస్తే పాలీశాకరైడ్లు.

ముందు చౌకైన పని చేయండి: టెంప్లేట్‌ను (కాపీ తీయాల్సిన శాంపిల్ డీఎన్ఏను) 10 రెట్లు, 50 రెట్లు పలుచన చేసి పీసీఆర్ పెట్టండి. పలుచనదాంట్లో బ్యాండ్ వస్తే నిరోధకాలున్నట్టు రుజువైనట్టే. రాకపోతే లేత ఆకులు తీసుకుని, సీటాబ్ బఫర్‌లో (ఆకుల నుంచి డీఎన్ఏ తీసే ద్రావణంలో) పాలీఫినాల్స్‌ను పట్టేసే పీవీపీ 2 శాతం కలపండి. బీటా మెర్కాప్టోఇథనాల్‌ను మాత్రం వాడే ముందే, ఫ్యూమ్ హుడ్ కింద కలపాలి. నిల్వ ఉంచితే పనితనం తగ్గుతుంది. చివర 70 శాతం ఇథనాల్‌తో కడిగాక ముద్దను బాగా ఆరనివ్వండి. ఇథనాల్ మిగిలితే శాంపిల్ వెల్‌లో కూర్చోదు, పైకి తేలిపోతుంది.

బ్యాండ్లు నవ్వుతున్నట్టు వంగాయి

వేడి వల్ల. జెల్ మధ్యభాగం వేడెక్కి, అక్కడి డీఎన్ఏ ముందుకు పరిగెడుతుంది. మే నెలలో ఏసీ లేని ల్యాబ్‌లో ఇది మామూలే. వోల్టేజ్‌ను ఎలక్ట్రోడ్ల మధ్య దూరం సెంటీమీటరుకు 5 వోల్టులు దాటనివ్వకండి: 15 సెంటీమీటర్ల ట్యాంకుకు 75. బఫర్‌ను ఫ్రిజ్‌లో చల్లబరచి పోయండి.

నెగటివ్ కంట్రోల్‌లో బ్యాండ్

నెగటివ్ కంట్రోల్‌లో డీఎన్ఏ వేయం కాబట్టి బ్యాండ్ రాకూడదు. వస్తే ఆ రోజు ఫలితాలు ఏవీ నమ్మకండి. తెరిచిన నీళ్లు, ప్రైమర్ (కాపీ ఎక్కడ మొదలవ్వాలో చూపే చిన్న డీఎన్ఏ ముక్క) ఆలికాట్లు (చిన్న ట్యూబుల్లో పంచిన భాగాలు) పారేసి కొత్తవి తీయండి. జెల్ నడిపే బల్ల మీద మాస్టర్ మిక్స్ కలపొద్దు. ఆ బ్యాండ్ 100 బేస్ పెయిర్ల లోపే, మసకగా ఉంటే మాత్రం అది చాలావరకు ప్రైమర్లు ఒకదానికొకటి అతుక్కుని ఏర్పడే ప్రైమర్ డైమరే. ప్రైమర్ మోతాదు తగ్గించి, అనీలింగ్ (ప్రైమర్ డీఎన్ఏకి అతుక్కునే దశ) ఉష్ణోగ్రత 2 డిగ్రీలు పెంచి చూడండి.