అగ్నివీర్ వాయు: ఫారం నింపిన రోజే దండీలు మొదలుపెట్టండి

అగ్నివీర్ వాయు అంటే ఎయిర్‌ఫోర్స్‌లోకి అగ్నివీరులను తీసుకునే నియామకం. ముందు ఒక సంగతి తేల్చుకోండి. మీరు వెళ్లేది ఆర్మీకా, నేవీకా, ఎయిర్‌ఫోర్స్‌కా? ఏటిగట్టు మీద పొద్దున్నే దండీలు, అంటే పుషప్స్, తీసే కుర్రాళ్లు చాలామంది ఈ తేడా చూసుకోరు. ఆర్మీ ర్యాలీలో మార్కులు పుషప్స్‌కి కాదు, బీమ్‌కి. కమ్మీ పట్టుకుని 10 సార్లు లేస్తే 40 మార్కులు, 9కి 33, 8కి 27, 7కి 21, 6కి 16. ఎయిర్‌ఫోర్స్‌లో మగపిల్లలు నిమిషంలో 10 పుషప్స్ తీయాలి, నేవీలో 15. ఈ రెండుచోట్లా పుషప్స్‌కి మార్కులుండవు, పాసో ఫెయిలో అంతే. 30 తీసినవాడికి ఒరిగేదేమీ లేదు, పదోది సగంలో వదిలేసినవాడు మాత్రం అక్కడితో ఆగిపోతాడు. ఇక్కడ చెప్పేది ఎయిర్‌ఫోర్స్ గురించి.

దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే, ఆ విడత నోటిఫికేషన్‌లో ఇచ్చిన వెబ్‌సైట్‌లో. పెళ్లికాని అమ్మాయిలు, అబ్బాయిలు అర్హులు. పరీక్ష ఫీజు 550 రూపాయలు, జీఎస్టీ అదనం. ఫీజు, పుట్టినతేదీ హద్దులు ఆ విడత నోటిఫికేషన్‌లో చూసుకున్నాకే కట్టండి. ఇంటర్ ఎంపీసీవాళ్లకి మొత్తం మీద 50 శాతం, ఇంగ్లిష్‌లో విడిగా 50 శాతం ఉండాలి. 49.99 వస్తే అది 49 కిందే లెక్క, 50 చేసి వేయకూడదు. మెమో దగ్గర పెట్టుకుని రెండేళ్ల ఇంగ్లిష్ మార్కులు కలిపి చూసుకోండి.

ఫారంలో ఎక్కువగా తేడా వచ్చేది ఫోటో దగ్గర. మామూలు పాస్‌పోర్ట్ ఫోటో పనికిరాదు. గుండెల ముందు నల్ల పలక పట్టుకుని, దాని మీద మీ పేరు, ఫోటో తీసిన తేదీ తెల్ల సుద్దముక్కతో ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో రాసి తీయించుకోవాలి. పేరు పదో తరగతి మెమోలో ఎలా ఉందో అలాగే రాయండి. మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటే పలక మీద పొడి అక్షరం వేయకండి. సెల్ఫీ తీసుకుంటే కొన్ని ఫోన్లలో అక్షరాలు అద్దంలోలా తిరగబడతాయి, అందుకని వేరేవాళ్ల చేత వెనక కెమెరాతో తీయించండి. ఫోటో, సంతకం, ఎడమచేతి బొటనవేలి ముద్ర ఒక్కొక్కటి 10 నుంచి 50 కేబీ లోపు ఉండాలి. 18 ఏళ్లు నిండకపోతే తల్లో తండ్రో గార్డియనో సంతకం కూడా పెట్టాలి. నాన్న కువైట్‌లో ఉంటే అమ్మ సంతకం చాలు, నాన్న సంతకం కోసం ఆగి ఆఖరి రోజు దాకా తెచ్చుకోవద్దు.

రాత పరీక్ష నెగ్గినవాళ్లనే రెండో దశకి పిలుస్తారు. అక్కడ మొదటిది శారీరక పరీక్ష. 1.6 కిలోమీటర్లు అబ్బాయిలు 7 నిమిషాల్లో, అమ్మాయిలు 8 నిమిషాల్లో పరుగెత్తాలి. తర్వాత 10 నిమిషాలు విరామం, ఆపైన పుషప్స్. 2 నిమిషాలు ఆగి నిమిషంలో 10 సిటప్స్, మళ్లీ 2 నిమిషాలు ఆగి నిమిషంలో 20 స్క్వాట్స్, అంటే మన బస్కీలే. అమ్మాయిలకి పుషప్స్ లేవు. నిమిషంన్నరలో 10 సిటప్స్, నిమిషంలో 15 స్క్వాట్స్.

10 పుషప్స్ అంటే తేలిగ్గా అనిపిస్తుంది. నిమిషానికి పది, అంటే ఒక్కోదానికి 6 సెకన్లు. తొందరేమీ లేదు, అయినా తడబడేది తొందరలోనే. అరచేతులు భుజాలకంటే కొంచెం ఎడంగా పెట్టండి. తల నుంచి మడమ దాకా ఒళ్లు వాసంలా తిన్నగా ఉండాలి. మోచేయి 90 డిగ్రీలు మడిచేదాకా దిగి, పైకొచ్చాక చేతులు పూర్తిగా చాపాలి. సగం దిగినా, పైన మోచేతులు వంగి ఉన్నా, నడుం కిందికి జారినా, పిరుదులు పైకి లేచినా, మోకాలు నేలకి తగిలినా ఆ దండీ లెక్కలోకి రాదనే అనుకుని సాధన చేయండి. మోచేతులు రెక్కల్లా పక్కలకి చాపితే భుజం నొప్పి పుడుతుంది, ఒంటికి 45 డిగ్రీల్లో ఉంచండి.

ఎనిమిది వారాలు పెట్టుకోండి, వారానికి మూడు రోజులు, రోజు మార్చి రోజు. ఒక్కటి కూడా రానివాళ్లు ఇంటి అరుగు మీద చేతులు పెట్టి మొదలుపెట్టాలి. అక్కడ 15 తీయగలిగితే మెట్టు మీదికి, ఆ తర్వాత నేల మీదికి. వచ్చేవాళ్లు తప్పు లేకుండా ఎన్ని తీయగలరో లెక్కపెట్టి అందులో సగం పట్టుకోండి. 8 వస్తే నాలుగేసి చొప్పున ఐదు విడతలు, మధ్యలో 90 సెకన్లు ఆగుతూ తీయాలి. వారానికి విడతకి ఒకటి పెంచండి. దిగేటప్పుడు మనసులో మూడు లెక్కపెడుతూ దిగండి, బలం వచ్చేది అక్కడే. ధాన్యం ఆరబోసే సిమెంటు కల్లం దీనికి బాగుంటుంది. పరుగెత్తకుండా 20 తీయగలిగితేనే పరుగు తర్వాత 10కి భరోసా.

పరుగు రోడ్డు మీదే కొలుచుకోండి. కిలోమీటరు రాయి నుంచి తర్వాతి రాయి దాకా వెళ్లి, 200 మీటర్ల చిన్నరాళ్లు ఇంకో మూడు దాటితే 1.6. అంతర్వేది బీచ్ ఇసుకలో తీసిన టైము లెక్కకి పనికిరాదు. వానాకాలం కాలువగట్టు ఒండ్రుమట్టి జారి చీలమండ బెణుకుతుంది, ఆ నెలల్లో తారురోడ్డే మంచిది. మన ఉక్కకి ఏడు దాటితే ఊపిరాడదు, ఐదింటికే లేవండి. ప్రతి ఆదివారం అదే వరసలో, అవే విరామాలతో మొత్తం చేయండి. పక్కన ఒక స్నేహితుణ్ణి నిలబెట్టి, సరిగా తీసినవే లెక్కపెట్టమనండి. మొహమాటపడేవాణ్ణి పెట్టుకోవద్దు.

పరీక్షకి రెండు రోజుల ముందు దండీలు ఆపేయండి. కాల్‌లెటర్, ఒరిజినల్ మెమోలతో పాటు అలవాటైన బూట్లు, నిక్కరు తీసుకెళ్లండి. ఆ రోజు కోసం కొత్త బూట్లు కొంటే మడమ బొబ్బలెక్కుతుంది.